స్వరం ముందా, కాలం ముందా?

సినిమా పాటల రికార్డింగులకు వయొలిన్ పార్టులు ఎత్తి రాయడంతో నా వృత్తి మొదలైంది. అరేంజరు పెద్ద కాగితం మీద పెన్సిలుతో స్కోర్ రాసి ఇచ్చేవారు. దాన్ని ఒక్కో వాద్యానికీ విడదీసి, ఇంకుతో శుభ్రంగా రాసి, కండక్టరు వచ్చేలోగా స్టాండ్ల మీద పెట్టడం మా పని. ఆ పని ఇప్పుడు కంప్యూటర్ మీదికి వెళ్ళింది. నేనూ దానితో పాటే వెళ్ళాను, ఇప్పుడు దాన్నే పిల్లలకు నేర్పుతున్నాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ట్రినిటీ గ్రేడు పరీక్షలకు కీబోర్డో గిటారో నేర్చుకుంటున్నవాళ్ళు కొందరు. కర్ణాటక సంగీతం బాగా వచ్చి, తమ పాటను పాశ్చాత్య వాద్యాలవాళ్ళు చదివే స్టాఫ్ నొటేషన్‌లో పెట్టాలనుకునేవాళ్ళు ఇంకొందరు. మొదటి వారంలో అందరూ చెప్పే మాట ఒక్కటే: "మాస్టారూ, నేను కొట్టింది ఒకటి, తెర మీద పడింది ఒకటి."

కొందరు అక్కడితో ఆపేస్తారు. తమకు కంప్యూటర్ అచ్చిరాదని తీర్మానించుకుంటారు. చక్కటి స్వరజ్ఞానం ఉన్న అమ్మాయి అలా లేచి వెళ్ళిపోతే నాకు బాధగా ఉంటుంది. ఆ అమ్మాయికి సంగీతం వచ్చు, కంప్యూటరూ వచ్చు. నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే మీటకు సందర్భాన్ని బట్టి రెండు మూడు పనులుంటాయన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సందర్భాన్నే మోడ్ అంటారు. నాకు అనుభవంలో తెలిసినంత మేరకు ఆ చిక్కును ఇక్కడ విడమరిచి చెబుతాను.

1. చెయ్యి కదిపే ముందు ఏ మోడ్‌లో ఉన్నారో చూసుకోండి

ఎక్కువమంది ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్‌తో మొదలుపెడతారు కాబట్టి దానితోనే చెబుతాను. అందులో ఎన్ మీట నొక్కితే నోట్ ఇన్‌పుట్ మోడ్ మొదలవుతుంది. ఎస్కేప్ నొక్కితే అందులోంచి బయటికి వస్తారు. బయట ఉన్నదాన్ని మామూలు మోడ్ అనుకుందాం.

ఇప్పుడు 5 అంకె సంగతి చూడండి. ఇన్‌పుట్ మోడ్‌లో 5 నొక్కితే "ఇక మీదట రాయబోయేది క్రోచెట్ (ఒక మాత్ర స్వరం)" అని అర్థం. తెర మీద ఏమీ మారదు, తర్వాత వచ్చే స్వరం కోసం అది ఎదురు చూస్తుంది. మామూలు మోడ్‌లో ఒక స్వరాన్ని ఎంచుకొని అదే 5 నొక్కితే, ఆ రాసేసిన స్వరమే క్రోచెట్‌గా మారిపోతుంది. అది అంతకుముందు క్వేవర్ (అర మాత్ర) అయితే, నిడివి పెరిగి పక్కన ఉన్న స్వరాన్ని మింగేస్తుంది. అది మినిమ్ (రెండు మాత్రలు) అయితే, కురచై వెనక ఒక రెస్ట్ (విరామం) మిగులుతుంది. నొక్కింది ఒకటే మీట. ఒకసారి రాబోయేదాన్ని నిర్ణయించింది, ఇంకోసారి ఉన్నదాన్ని మార్చింది. కొట్టింది ఒకటి పడింది ఒకటి అన్న ఫిర్యాదులో సగం ఇక్కడే పుడుతుంది.

దీనికి మందు కంటి అలవాటు. ఇన్‌పుట్ మోడ్‌లో ఉంటే స్టాఫ్ మీద రంగు పట్టీలాంటి కర్సర్ నిలబడి ఉంటుంది, పైన పెన్సిల్ బొమ్మ వెలిగి ఉంటుంది. డోరికో అనే ఇంకో నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో కేరెట్ అనే నిలువు గీత కనిపిస్తుంది. చెయ్యి మీట మీదికి వెళ్ళేముందు కన్ను ఆ గుర్తు మీదికి వెళ్ళాలి. సందేహం వస్తే ఎస్కేప్ రెండుసార్లు నొక్కండి, మొదటి నుంచి ఎంచుకోండి. అక్కడ పోయే రెండు క్షణాలు తర్వాత వెతుకులాటలో పోయే అరగంటను కాపాడతాయి.

డోరికో నేర్చుకునేవాళ్ళకు ఇంకో మెట్టు ఉంది. అందులో సెటప్, రైట్, ఎన్‌గ్రేవ్, ప్లే, ప్రింట్ అని ఐదు పెద్ద మోడ్‌లున్నాయి. స్వరాలు రాయడం రైట్ మోడ్‌లోనే. ఎన్‌గ్రేవ్ అందం దిద్దుకునే చోటు, స్వరాలు పడే చోటు కాదు. వాద్యాన్ని చేర్చి సెటప్‌లోనే ఉండిపోయి, మీటలు పనిచేయడం లేదని గాబరా పడినవాళ్ళను చాలామందిని చూశాను.

మోడ్‌ల వల్ల వచ్చే ఈ ఇబ్బంది సంగీతం వాళ్ళకు మాత్రమే కొత్తగా వచ్చింది కాదు. జెరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలోనూ, ఆ తర్వాత ఆపిల్‌లోనూ పనిచేసిన లారీ టెస్లర్ అనే ఆయన మోడ్‌ల మీద జీవితమంతా పోరాడాడు. మనం రోజూ వాడే కట్, కాపీ, పేస్ట్ వాడుకలోకి రావడంలో ఆయన చెయ్యి ఉంది. ఆయన కారు నంబరు ప్లేటు మీద కూడా "నో మోడ్స్" అని ఉండేది. 2020లో చనిపోయాడు. ఆయన వాదన నాకు న్యాయంగానే తోస్తుంది, కాని సంగీత లిపిలో దాన్ని పూర్తిగా అమలు చేయడం కుదరదు. ఒక్క స్వరానికే పేరు, కాలం, స్థాయి, షార్ప్ ఫ్లాట్‌లు, టై, నొక్కు ఇన్ని చెప్పాలి. మీటలేమో ఉన్నవే. కాబట్టి మోడ్‌లతో కాపురం తప్పదు. తెలుసుకుని చేయడమే మార్గం.

2. మీ చెయ్యి స్వరంతో మొదలవుతుందా, కాలంతోనా తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇది. కాస్త నిదానంగా చదవండి.

మ్యూజ్‌స్కోర్‌గానీ సిబేలియస్‌గానీ డోరికోగానీ మామూలుగా కోరేది కాలం ముందు, స్వరం తర్వాత. ముందు క్రోచెట్ అని చెప్పాలి, తర్వాత స్వరాక్షరం నొక్కాలి, అప్పుడే స్వరం పడుతుంది. దీనికి మంచి కారణం ఉంది. ఒకసారి క్వేవర్ అని చెబితే, వరసగా వచ్చే ఎనిమిది క్వేవర్లకూ మళ్ళీ చెప్పనక్కర లేదు, అక్షరాలు కొట్టుకుంటూ పోవచ్చు. ఒకే నడక ఎక్కువసేపు సాగే సంగీతానికి ఇది బాగా నప్పుతుంది.

మరి మన లిపి ఎలా పనిచేస్తుంది? స అని రాస్తే ఒక అక్షర కాలం. సా అని దీర్ఘమిస్తే రెండు. ఇంకా సాగాలంటే కామా ఒకటి, సెమికోలన్ రెండు. వేగం రెట్టింపు కావాలంటే పైన గీత. స్వరం ముందు పుడుతుంది, కాలం దాని వెంట నడుస్తుంది. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెరిచి చూడండి. అంత పెద్ద గ్రంథమంతటా స్వరాక్షరమే పునాది. కాలమూ గమకమూ దాని మీద గుర్తులుగా చేరతాయి. అది చదువుతూ, పాడుతూ పెరిగిన చెవి "ముందు నిడివి చెప్పు, తర్వాత స్వరం చెప్పు" అంటే తడబడడంలో వింతేముంది?

నా దగ్గరికి వీణ వాయించే ఒకావిడ వచ్చేది. చాలా శ్రద్ధగల మనిషి. కాలం ముందు చెప్పే పద్ధతిలో ఒక్క వరస రాయడానికి ఆమెకు చెమటలు పట్టేవి. ఒకరోజు కంప్యూటర్ మూయించి కాగితం ఇచ్చాను. "అమ్మా, మీకు ఇష్టమైన పల్లవి స్టాఫ్ మీద పెట్టండి" అన్నాను. ఆమె వరస పొడవునా గుండ్లు పెట్టుకుంటూ పోయింది. మొత్తం అయ్యాక వెనక్కి వచ్చి, తాళం వేసుకుంటూ కాడలూ తోకలూ చేర్చింది. ఆమె బుర్ర పనిచేసే తీరు నాకు కళ్ళకు కట్టింది. సాఫ్ట్‌వేర్‌ను ఆమె వైపు తిప్పితే సరిపోతుంది, ఆమెను సాఫ్ట్‌వేర్ వైపు తిప్పనక్కర లేదు.

డోరికోలో కె మీట నొక్కితే స్వరం ముందు, కాలం తర్వాత అన్న పద్ధతికి మారుతుంది. మిడి కీబోర్డు మీద స్వరాన్ని మీటితే ముందు నీడలాంటి గుండు కనిపిస్తుంది. కాలం అంకె నొక్కాకే అది స్థిరపడుతుంది. చెవికి సరైనది దొరికేదాకా ఎన్ని స్వరాలైనా మీటి చూసుకోవచ్చు. ఫినాలే అనే పాత సాఫ్ట్‌వేర్‌లో దాదాపు ఇదే పనికి స్పీడీ ఎంట్రీ ఉండేది. ఒక చేత్తో కీబోర్డు మీద స్వరం పట్టుకొని, ఇంకో చేత్తో నిడివి అంకె నొక్కేవాళ్ళం. అదే ఫినాలేలోని సింపుల్ ఎంట్రీ మాత్రం కాలంతో మొదలయ్యేది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు ద్వారాలు, రెండు వరసలు! ఒకరు సింపుల్‌లో నేర్పగా ఇంకొకరు స్పీడీలో చూపిస్తే విద్యార్థి గతి ఏమవుతుందో ఊహించండి. మ్యూజ్‌స్కోర్ కొత్త రూపాల్లో కూడా కాలం మీట నొక్కినప్పుడు స్వరం పడే పద్ధతి ఒకటి చేరింది.

మీరూ ఆ కాగితం పరీక్ష చేసుకోండి. మీ చెయ్యి గుండ్లతో మొదలైతే స్వరం ముందు పద్ధతి పెట్టుకోండి. లయ కొట్టుకుని కాడలు గీసుకుంటే కాలం ముందు పద్ధతి మీది. డ్రమ్స్ నేర్చినవాళ్ళు, మృదంగం పిల్లలు తరచుగా ఈ రెండో రకం. ఏది ఎంచుకున్నా కొన్ని నెలలు దాన్నే పట్టుకోండి. పూటకో పద్ధతి మారిస్తే వేళ్ళకు ఏదీ అబ్బదు.

3. సరిగమలు కొట్టకండి, జి అంటే గ కాదు

మనవాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది, పాశ్చాత్య పుస్తకాల్లో దొరకదు. సి ని షడ్జంగా పెట్టుకున్న విద్యార్థి గాంధారం కోసం అప్రయత్నంగా జి నొక్కుతాడు. తెర మీద పంచమం పడుతుంది. ధైవతం కోసం డి నొక్కితే రిషభం పడుతుంది. ఈ రెండూ పొరపాటని వెంటనే చెవికి తెలుస్తాయి కాబట్టి ప్రమాదం తక్కువ.

అసలు ప్రమాదం ఎస్, ఆర్, ఎం మీటలతో. అవి స్వరాల మీటలు కావు, ఆజ్ఞల మీటలు. మ్యూజ్‌స్కోర్‌లో ఎస్ నొక్కితే స్లర్ గీత వస్తుంది. ఆర్ నొక్కితే ఉన్నది ఇంకోసారి పడుతుంది. ఎం నొక్కితే ఖాళీ బార్లన్నీ ఒకటిగా ముడుచుకునే అమరిక మారిపోతుంది. సరిగమ అని నాలుగు మీటలు కొట్టినవాడికి ఒక గీత, ఒక పునరుక్తి, ఒక పంచమం, బార్ల లెక్కలో గందరగోళం దక్కుతాయి. అలాంటి తెర ముందు కూర్చున్న కుర్రవాడు భయపడడా?

ఇంకొకటి. స తర్వాత ప కొట్టండి, అంటే సి తర్వాత జి. పడేది మంద్ర పంచమం. సాఫ్ట్‌వేర్ ముందు స్వరానికి ఎటు దగ్గరైతే అటే వెళ్తుంది. సి నుంచి పై జి ఐదో మెట్టు, కింది జి నాలుగో మెట్టు, కాబట్టి కిందికి దిగుతుంది. మ్యూజ్‌స్కోర్‌లో కంట్రోల్‌తో పై బాణం నొక్కితే ఒక స్థాయి పైకి లేస్తుంది. తార షడ్జానికి కూడా ఇదే కావాలి, సి తర్వాత మళ్ళీ సి కొడితే అదే షడ్జం పడుతుంది.

మొదటి వారం కీబోర్డు పక్కన ఒక చీటీ అంటించుకోండి: స సి, రి డి, గ ఇ, మ ఎఫ్, ప జి, ధ ఎ, ని బి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. అలవాటయ్యాక చీటీ దానంతటదే అక్కర లేకుండా పోతుంది.

4. క్రోచెట్ అంకె ఊరికో రకం

సిబేలియస్‌లో క్రోచెట్ 4. మ్యూజ్‌స్కోర్‌లో, ఫినాలేలో 5. డోరికోలో 6. ఒక్కొక్కరు అన్నిటికంటే చిన్న నిడివిని ఒక్కో చోట నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు, అందువల్ల ఈ తేడా. సిబేలియస్ నుంచి మ్యూజ్‌స్కోర్‌కు మారినవాడు 4 నొక్కి క్రోచెట్ అనుకుంటాడు, క్వేవర్లు పడుతుంటాయి, పాట సగం నిడివిలో అయిపోతుంది. అది వినగానే అర్థమైతే అదృష్టం.

సిబేలియస్ వాడేవాళ్ళకు ఇంకో మాట. దాని కీప్యాడ్ అంతా నంబర్ ప్యాడ్ మీద ఆధారపడి ఉంటుంది. నంబర్ ప్యాడ్ లేని చిన్న ల్యాప్‌టాప్ మీద నేర్చుకోవడం వృథా శ్రమ. యుఎస్‌బి నంబర్ ప్యాడ్ ఒకటి కొనుక్కోండి.

5. చేర్చడానికీ చెరపడానికీ మధ్య గీత తెలుసుకోండి

కాగితం మీద పదం మరిచిపోతే పైన చిన్న గుర్తు పెట్టి ఇరికిస్తాం. వర్డ్ ఫైలులో అయితే మధ్యలో టైపు చేయగానే మిగిలినదంతా పక్కకు జరుగుతుంది. ఈ రెండు అలవాట్లతో నొటేషన్ దగ్గరికి వచ్చినవాళ్ళకు పెద్ద దెబ్బ తగులుతుంది. ఇక్కడ మామూలుగా రాస్తే కొత్త స్వరం పాతదాని మీద కూర్చుంటుంది, పాతది పోతుంది. చెరిపితే ఖాళీ పూడుకోదు, ఆ జాగాలో రెస్ట్ మిగులుతుంది. ఎందుకంటే బార్‌లో ఇన్ని మాత్రలే అని ముందే నిర్ణయమైపోయింది.

తాళం వేసే పిల్లలకు ఇది చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. "ఆది తాళంలో ఎనిమిది అక్షరాల మధ్యలో ఒక స్వరం ఇరికిస్తే ఏమవుతుంది?" అంటే, "ఎడుపు తప్పుతుంది మాస్టారూ" అని వెంటనే అంటారు. అంతే. బార్ కూడా ఆవర్తనంలాంటిదే, మీరు ఇరికించినంత మాత్రాన అది సాగదు.

నిజంగా ఇరికించాలంటే ఇన్‌సర్ట్ మోడ్ ఉంది. డోరికోలో ఐ మీటతో మొదలవుతుంది, కేరెట్ రూపం మారుతుంది. ఆ గుర్తు చూడకుండా దాన్ని అలాగే వదిలేస్తే కొంప మునుగుతుంది. మామూలుగా అది మీరు రాస్తున్న గళాన్ని (వాయిస్‌ను) మాత్రమే పక్కకు నెడుతుంది. ఫ్లూట్ వరసలో ఒక క్రోచెట్ చేరితే, అక్కడి నుంచి చివరిదాకా ఫ్లూట్ ఒక మాత్ర వెనకబడుతుంది, వయొలిన్లు తమ చోట తామే ఉంటాయి. చూడడానికి పేజీ శుభ్రంగానే ఉంటుంది. స్టూడియోలో వాయించాకే తెలుస్తుంది.

మ్యూజ్‌స్కోర్ ఇన్‌సర్ట్ దారి వేరు. అది ఆ బార్ నిడివినే పెంచేస్తుంది. బార్ పైన చిన్న కూడిక గుర్తు కనిపిస్తే, అందులో మాత్రలు తాళం కంటే ఎక్కువయ్యాయని అర్థం. ఆ గుర్తును తేలిగ్గా తీసుకోకండి. ఒక పాటకు మర్నాడు పొద్దున రికార్డింగు అనగా, రాత్రి ఒక శిష్యుడు ఫోన్ చేసి ఇంటర్లూడ్‌లో ఒక బార్ నాలుగున్నర మాత్రలుందని ఏడ్పు గొంతుతో చెప్పాడు. "బాబూ, ఆ కూడిక గుర్తు ఎప్పటినుంచి ఉంది?" అంటే, "రెండు రోజులుగా చూస్తున్నానండీ, అదేదో అలంకారం అనుకున్నా" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం కలిసి బార్ బార్‌కీ లెక్క చూసుకుంటూ కూర్చున్నాం. పొద్దున పని జరిగింది, వాయించేవాళ్ళకు ఏమీ తెలియలేదు.

నా పద్ధతి ఇది: ఇన్‌సర్ట్‌ను ఒక్క దిద్దుబాటుకు తెరవడం, వెంటనే మూయడం, ఆ తర్వాత రెండు బార్లు వినడం.

6. రంగు మారితే గళం మారిందని అర్థం

ఒకే స్టాఫ్ మీద రెండు వరసలు విడివిడిగా నడిపించడానికి వాయిస్‌లు ఉంటాయి, సాధారణంగా నాలుగు. మ్యూజ్‌స్కోర్‌లోనూ సిబేలియస్‌లోనూ మొదటిది నీలం, రెండోది ఆకుపచ్చ. తెలియకుండా రెండో వాయిస్‌లోకి జారిపోతే కాడలన్నీ కిందికి తిరుగుతాయి, అక్కర లేని రెస్ట్‌లు పుట్టుకొస్తాయి. ఆకుపచ్చ కనిపిస్తే ఆగండి. వయొలిన్ పార్టుకు తొంభైపాళ్ళు ఒక్క నీలమే చాలు.

7. వాయిస్తే అదే రాసుకుంటుందన్న ఆశ తగ్గించుకోండి

మిడి కీబోర్డు కొనగానే ప్రతివాడూ రియల్ టైమ్ మోడ్ తెరుస్తాడు. మెట్రోనోమ్ కొడుతుంటే వాయించడం, అది రాసుకోవడం. సిబేలియస్ దీన్ని ఫ్లెక్సీ టైమ్ అంటుంది, ఫినాలే హైపర్‌స్క్రైబ్ అంది. వినడానికి అద్భుతంగా ఉంటుంది. పడిన నొటేషన్ చూడండి: క్రోచెట్ ఉండవలసిన చోట చుక్కల క్వేవర్, దాని వెనక చిట్టి రెస్ట్, పక్క బార్‌లోకి టై. మనిషి వేలు మెట్రోనోమ్ కంటే వెంట్రుకవాసి అటూ ఇటూ పడుతుంది. ఆ తేడాలోనే వాయింపుకు ప్రాణం ఉంది. యంత్రం మాత్రం ఆ తేడాను కూడా నిజాయతీగా రాసిపెడుతుంది.

మన సంగీతం దగ్గర ఈ ఇబ్బంది పదింతలు. తోడిలో గాంధారాన్ని కీబోర్డు మీద అనుస్వరాలుగా విడగొట్టి వాయించి చూడండి. తెర మీద నల్లటి గుంపు పడుతుంది, ఏ వయొలిన్ కళాకారుడూ మొదటి చూపులో చదవలేడు. పాతకాలం పెద్దలు ఈ ప్రశ్నతో ఎంత శ్రమ పడ్డారో తలచుకుంటే గౌరవం కలుగుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర మద్రాసులో చిన్నస్వామి మొదలియార్ కర్ణాటక కృతులను స్టాఫ్ నొటేషన్‌లోకి దించాడు. సుబ్బరామ దీక్షితులు తమ గ్రంథాన్ని అచ్చు వేయడానికి ఆయన ప్రోద్బలం ఒక కారణం. దీక్షితులు గమకాలకు విడిగా గుర్తులు పెట్టుకున్నారు. మూలస్వరాన్ని శుభ్రంగా ఉంచి, కదలికను గుర్తుగా పెట్టడం అప్పుడూ సరైన దారే, ఇప్పుడూ సరైన దారే. కాబట్టి స్టెప్ టైమ్‌లో ఒక్కో స్వరం ఆలోచించి పెట్టండి, గమకాన్ని ఆభరణం గుర్తుతోనో చిన్న మాటతోనో సూచించండి.

రియల్ టైమ్‌కు బదులు ఎవరూ పట్టించుకోని రీపిచ్ మోడ్ నేర్చుకోండి. ఉన్న లయను అలాగే ఉంచి స్వరాలను మాత్రం మార్చడం దాని పని. సరళీ వరసలకు దీన్ని మించినది లేదు. మొదటి వరస ఆది తాళంలో కాలంతో సహా ఒకసారి రాయండి. దాన్ని కావలసినన్నిసార్లు కాపీ చేయండి. తర్వాత రీపిచ్‌లోకి వెళ్ళి రెండో వరస, మూడో వరస స్వరాలు మాత్రమే కొట్టుకుంటూ పోండి. కాలం గురించి మళ్ళీ తలచుకోనక్కర లేదు. చిట్టస్వరాలకు, ఒకే నడకలో సాగే ఇంటర్లూడ్‌లకు కూడా ఇది వరం. పని అవ్వగానే మామూలు ఇన్‌పుట్‌కు మార్చుకోవడం మాత్రం మరవకండి. రీపిచ్‌లో ఉండి "అంకెలు నొక్కితే నిడివి మారడం లేదేంటి మాస్టారూ" అని అడిగేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

సరళీ వరసలు నేర్పేది మాయామాళవగౌళలో కాబట్టి ఇక్కడే ఒక మాట. శుద్ధ రిషభాన్ని డి ఫ్లాట్‌గా రాయాలి, సి షార్ప్‌గా కాదు. ఇన్‌పుట్‌లో సి కొట్టి పై బాణం నొక్కితే సి షార్ప్ వస్తుంది, డి కొట్టి కింది బాణం నొక్కితే డి ఫ్లాట్ వస్తుంది. ధ్వని ఒకటే. కాని చదివేవాడికి రిషభం రిషభం చోటే కనిపించాలి. ఇంత శ్రద్ధ పార్టు రాసేవాడికి ధర్మం.

8. సాహిత్యం రాసేటప్పుడు స్పేస్ మీట మాట వేరు

మామూలుగా స్పేస్ నొక్కితే పాట మోగుతుంది. సాహిత్యం పెట్టేటప్పుడు అదే స్పేస్ తర్వాతి స్వరం కిందికి తీసుకువెళ్తుంది. ఒకే మాట రెండు స్వరాలకు విడిపోతే హైఫన్. తెలుగులో విడదీసేటప్పుడు పలికే అక్షరాన్ని చూడండి: పద్మ అంటే ప, ద్మ. ద ని ముందు స్వరానికి, మ ని తర్వాత స్వరానికి అంటగడితే గాయకుడు తప్పు పలుకుతాడు.

అయ్యాక రెండు పనులు. ఎస్కేప్ నొక్కి బయటికి రండి. కంప్యూటర్ భాషను తెలుగు నుంచి ఇంగ్లీషుకు మార్చండి. ఈ రెండో పని మరిచిపోతే స్వరాల మీటలు మొండికేస్తాయి, సాఫ్ట్‌వేర్ పాడైందని తీసి మళ్ళీ ఎక్కించేవాళ్ళున్నారు.

9. సాఫ్ట్‌వేర్ మారొచ్చు, వేళ్ళకు కొత్త బడి తప్పదు

1988 నుంచి ఉన్న ఫినాలే అభివృద్ధిని ఆపేస్తున్నట్టు 2024 ఆగస్టులో ప్రకటించారు. ముప్పయ్యేళ్ళకు పైగా దానిమీదే బతికిన అరేంజర్లు, కాపీయిస్టులు ప్రపంచమంతటా ఉన్నారు. చాలామంది డోరికోకు మారారు. స్వరాలు మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ అనే ఫైలు రూపం ద్వారా చాలావరకు క్షేమంగానే చేరతాయి. అలవాట్లు మాత్రం అందులో రావు. స్పీడీ ఎంట్రీకి అలవాటైన వేళ్ళు కొత్త చోట కొన్నాళ్ళు తప్పులు కొడతాయి. అలా కొడుతున్నంతకాలం మీ అనుభవం తక్కువైందని బాధపడకండి. మొదటి రోజే స్వరం ముందు పద్ధతి పెట్టుకుని, క్రోచెట్ అంకె మార్పును కంఠతా పట్టండి. మిగిలినది నెమ్మదిగా వస్తుంది.

పాత ఫైళ్ళను మాత్రం ఇప్పుడే మ్యూజిక్ ఎక్స్ఎంఎల్‌గానూ పిడిఎఫ్‌గానూ రెండు రకాలుగా దాచండి. పార్టులు దాచుకోవడంలో మనవాళ్ళ అలసత్వం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఎన్నో గొప్ప ఇంటర్లూడ్‌లు రికార్డింగయ్యాక చెత్తబుట్టలోకి వెళ్ళిపోయాయి.

10. నేర్పేవాళ్ళకు ఒక విన్నపం

ఇది విద్యార్థులకు కాదు, నాలాగే నొటేషన్ సాఫ్ట్‌వేర్ నేర్పుతున్న మాస్టార్లకు. మొదటి రోజు పాట రాయించకండి. ఆ గంటంతా మోడ్‌లకే ఇవ్వండి. ఎన్, ఎస్కేప్ మార్చి మార్చి నొక్కించండి, ఒకే అంకె రెండు మోడ్‌లలో ఏం చేస్తుందో వాళ్ళ కళ్ళతోనే చూడనివ్వండి. కాగితం మీద ఒక వరస రాయించి వాళ్ళ చెయ్యి స్వరంతో మొదలవుతుందా, కాలంతోనా గమనించండి, దానికి తగ్గ పద్ధతి పెట్టి ఇవ్వండి. సరిగమలకూ ఎబిసిలకూ మధ్య తేడా నోటితో చెప్పి వదలకుండా, చీటీ మీ చేత్తో రాసి అంటించండి. స్వరజ్ఞానం ఉన్న పిల్లలు ఒక మీట పేరు తెలియక వెనక్కి పోకుండా చూడడం మన బాధ్యత.